తీసివేత దగ్గర ఆగిపోయిన పిల్లలు

నాలుగో తరగతిలో భాగహారం రాని పిల్లల్లో చాలామంది నిజానికి రెండో తరగతి తీసివేత దగ్గరే ఆగిపోయి ఉంటారు. స్థాన విలువ పట్టుబడనివారికి ఆ పై లెక్క ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు. సిలబస్ పూర్తిచేయాల్సిన ఉపాధ్యాయుడికేమో అంత వెనక్కి వెళ్లే తీరిక ఉండదు. తరగతి సహాయకుల అవసరం పుట్టేది ఇక్కడే.

మన దేశంలో ఈ పద్ధతికి పేరు తెచ్చింది ప్రథమ్ సంస్థ 1990లలో ముంబైలో మొదలుపెట్టిన 'బాలసఖి' కార్యక్రమం. బడి చదువు ముగించిన స్థానిక యువతులకు రెండు వారాల శిక్షణ ఇచ్చి, నెలకు 500–750 రూపాయలిచ్చి మున్సిపల్ బడులకు పంపేవారు. ప్రధానంగా మూడు, నాలుగు తరగతుల్లో వెనుకబడిన 15–20 మందిని బాలసఖి రోజూ రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి, అంతకుముందే వచ్చి ఉండాల్సిన చదువు, లెక్కలు నేర్పేది. ముంబై, వడోదర బడుల్లో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, షాన్ కోల్, లీ లిండెన్ జరిపిన అధ్యయనం 2007లో వెలువడింది. బాలసఖులున్న బడుల్లో సగటు ఫలితాలు మొదటి ఏడాది 0.14, రెండో ఏడాది 0.28 ప్రామాణిక విచలనం మేర మెరుగుపడ్డాయి. ఆ మెరుగుదల దాదాపు అంతా బాలసఖి దగ్గర కూర్చున్న పిల్లలదే. వాళ్లు లేచి వెళ్లాక తరగతి పలచబడినా, మిగిలినవారికి దానివల్ల చెప్పుకోదగ్గ మేలు జరగలేదు. ఆ అధ్యయనంలో అన్నిటికన్నా విలువైన సంగతి ఇదే.

సహాయకుల మొదటి పని ఒక్కొక్కరి స్థాయి తెలుసుకోవడం. పిల్లల చదువు స్థాయిని కొలవడానికి 2005 నుంచి జరుగుతున్న అసర్ సర్వేలో వాడే చిన్న పరీక్ష ఇందుకు సరిపోతుంది: ఒక అంకె సంఖ్యలు, రెండంకెల సంఖ్యలు గుర్తించడం, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. ఎక్కడ ఆగితే అక్కడే ఆ పిల్లల పాఠం మొదలవుతుంది, తరగతి ఏదైనా సరే.

తరువాతది తప్పును చదవడం. 52లోంచి 27 తీసివేయమంటే చాలామంది 35 అని రాస్తారు. అది అజాగ్రత్త వల్ల వచ్చిన జవాబు కాదు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీశారు. ఆ తప్పులోనూ ఒక నియమం ఉంది, పిల్లలు దాన్ని ప్రతి లెక్కలోనూ నమ్మకంగా పాటిస్తారు. ఇంటూ గుర్తు పెట్టి సరైన జవాబు రాసిచ్చినంత మాత్రాన ఆ నియమం చెరిగిపోదు. "ఎలా చేశావో చెప్పు" అని అడిగితేనే అది బయటపడుతుంది.

అప్పుడు పుల్లలు కావాలి. పదేసి పుల్లలు రబ్బరు బ్యాండుతో కట్టిన 5 కట్టలు, విడిగా 2 పుల్లలు కలిపితే 52. ఏడు పుల్లలు తీయాలంటే విడి పుల్లలు చాలవు. ఒక కట్ట విప్పితే విడిగా 12 అవుతాయి. అందులో 7 తీస్తే 5. మిగిలిన 4 కట్టల్లో 2 తీస్తే 2. జవాబు 25. 'అప్పు' అన్న మాట వెనుక జరిగేది కట్ట విప్పడమేనని పిల్లలకు చేతులతో తెలుస్తుంది. పది రూపాయల, రూపాయి ఆట నోట్లతోనూ ఇదే చేయించవచ్చు. కొన్నాళ్లయ్యాక పుల్లలు పక్కన పెట్టించి అదే పని పలక మీద చేయించాలి; లేకపోతే పిల్లలు పుల్లల మీదే ఆధారపడిపోతారు.

ఈ పనిలో ఓపిక చాలా ముఖ్యం. పిల్లలు ఆలోచిస్తున్నప్పుడు మౌనంగా ఉండటం కష్టమే, కానీ జవాబు అందించేస్తే లెక్క పూర్తవుతుంది, నేర్పు మాత్రం రాదు. ఇంగ్లండులో పీటర్ బ్లాచ్‌ఫోర్డ్ బృందం 2009లో వెలువరించిన పరిశోధనలో సహాయకుల తోడు ఎక్కువగా పొందిన పిల్లల ప్రగతి తక్కువగా కనిపించింది. సహాయకులు నేర్పడం కన్నా పని ముగించడం మీదే దృష్టి పెట్టడం కారణాల్లో ఒకటి.

సహాయకుల్ని వేరే పనికి మళ్లించకుండా చూడటం బడి బాధ్యత. ఉత్తరాఖండ్‌లో ఇలాంటి వాలంటీర్లు మామూలు ఉపాధ్యాయుల పనిలో కలిసిపోయారు, ఫలితం కనిపించలేదు. తెలుగు రాష్ట్రాల్లోనూ విద్యా వాలంటీర్లను ఎక్కువగా ఖాళీ పోస్టుల్లో పాఠాలు చెప్పడానికే వాడారు.

బాలసఖి పిల్లల్లో వచ్చిన మెరుగుదల కార్యక్రమం ముగిసిన ఏడాదికి 0.10 ప్రామాణిక విచలనానికి పడిపోయింది. అందువల్ల సాయం పొందిన పిల్లలు తమ తరగతి పాఠంలో తిరిగి కలిసిన తర్వాత కూడా అదే చిన్న పరీక్షను మళ్లీ మళ్లీ పెట్టి, జారుతున్నవారిని ఉపాధ్యాయుడూ సహాయకులూ కలిసి గుర్తించాలి.