మెదడు గాయానికి లెక్క కట్టడం ఎట్లా?

ఉద్యోగ విధులలో గాయపడినవారికి ప్రభుత్వం నష్టపరిహారం చెల్లించవలెనన్న సూత్రాన్ని నేడు కాదనేవారు లేరు. కాని పరిహారం ఇవ్వాలంటే ముందు గాయాన్ని కొలవాలి. చేయి పోయినా, కన్ను పోయినా చూడగానే తెలుస్తుంది. మెదడుకు తగిలిన దెబ్బ అట్లా కనిపించదు. ఈ చిక్కు ఎంతటిదో అమెరికా అనుభవంవల్ల బాగా తెలుస్తుంది.

ఆ దేశంలో కేంద్రప్రభుత్వోద్యోగుల పరిహార చట్టం 1916లో వచ్చింది. గాయంవల్ల పనిచేయలేని ఉద్యోగికి జీతంలో మూడింట రెండు వంతులు, పోషించవలసిన వారుంటే నూటికి 75 వంతులు దానిప్రకారం లభిస్తాయి. ఇదిగాక శాశ్వతంగా కోల్పోయిన అవయవాలకు ఒక పట్టిక కలదు. చేతికి 312, కాలికి 288, కంటికి 160, బొటనవ్రేలికి 75 వారాల పరిహారం అందులో నిర్ణయించారు. అయితే మెదడు, గుండె, వీపు ఆ పట్టికలోనికి రావని చట్టమే చెప్పుతున్నది. మెదడు దెబ్బవల్ల చేయి చచ్చుపడితే ఆ చేతికి లెక్క కట్టవచ్చును. మతిమరుపుకు మాత్రం పట్టికలో చోటు లేదు.

మెదడును కొలవడం ఎందుకింత కష్టం? అది సుమారు 1400 గ్రాముల మెత్తని అవయవం. కపాలంలో ఒక పలుచని ద్రవంలో తేలుతూ ఉంటుంది. కుండలో తోడుకొన్న గడ్డపెరుగును గట్టిగా కుదిపితే, కుండ పగలకపోయినా పెరుగు విరుగుతుంది కదా! అట్లాగే తల బలంగా కుదుపుకు గురియైనప్పుడు, పుర్రె చెక్కుచెదరకపోయినా, లోపల నాడీకణాలను కలిపే సన్నని తంతువులు సాగి దెబ్బతినవచ్చును. ఎముక చిట్లినా, లోపల రక్తం కారినా సి.టి. చిత్రం పట్టుకొంటుంది. ఈ తంతువుల గాయం మాత్రం దానిలోనూ, మామూలు ఎం.ఆర్.ఐ. చిత్రంలోనూ కూడా తరచుగా కనపడదు. తలనొప్పి, జ్ఞాపకం తగ్గడం వంటివి రోగి చెప్పితేనే వైద్యునికి తెలుస్తాయి.

ఈ సమస్య 2016 చివరలో కొత్త రూపంలో ఎదురైంది. క్యూబా రాజధాని హవానాలో ఉన్న అమెరికా రాయబార సిబ్బందిలో కొందరు, ఏదో వింత ధ్వని వినిపించిన పిమ్మట తలతిప్పు, చెవిపోటు, మతిమరుపు కలిగాయని చెప్పారు. తరువాత ఇతర దేశాలలోని ఉద్యోగులనుండి కూడ ఇటువంటి ఫిర్యాదులు వచ్చాయి. తలకు దెబ్బ తగిలిన దాఖలా లేదు.

2021 అక్టోబరు 8న ‘హవానా చట్టం’ అమలులోనికి వచ్చింది. విదేశాంగశాఖ 2022లో ప్రకటించిన నియమాలప్రకారం, అర్హులైనవారికి ఒకేసారి 1,40,475 డాలర్లు, తిరిగి పనిచేయలేనివారికి లేక నిత్యం ఇతరుల సేవ అవసరమైనవారికి 1,87,300 డాలర్లు నిర్ణయమైంది. చిత్రాలలో గాయం కనపడడం ఒక్కటే ఆధారం కాదు. హఠాత్తుగా మొదలై వదలని నాడీలక్షణాలకు 12 నెలలు చికిత్స పొంది, వైద్యుని పరీక్షలో అవి నిర్ధారణ అయితే చాలును. ఆ గాయం ఎవరివల్ల, ఏ సాధనంతో కలిగిందో రుజువు చేసే భారం బాధితునిపై పెట్టలేదు.

ఆ భారం పెట్టి ఉంటే ఏమయ్యేది? 2023లో అమెరికా గూఢచారి సంస్థలు ఏడింటిలో ఐదు, ఇది పరదేశపు శత్రువు పని కావడం చాలా అసంభవమన్నాయి. 2024లో ఆ దేశపు జాతీయ ఆరోగ్యసంస్థల పరిశోధకులు 81 మంది బాధితుల మెదడు చిత్రాలను 48 మంది ఇతరుల చిత్రాలతో పోల్చి, చెప్పుకోదగిన భేదమేదీ కనపడలేదని ప్రకటించారు. అయినా బాధితులలో అలసట, తూకం తప్పడం, మనోవేదన ఎక్కువగా ఉన్నట్లు ఆ శాస్త్రజ్ఞులే గుర్తించారు. చిత్రంలో కనపడనంతమాత్రాన బాధ లేదనడానికి వీలులేదు.

కారణమేమిటో తేల్చడం విజ్ఞానశాస్త్రం పని. దానికి ఎన్నేళ్ళైనా పట్టవచ్చును. ఈలోగా పని చేయలేక ఇంట కూర్చున్న ఉద్యోగికి వైద్యం, తిండి జరగాలి. కారణాన్ని, కష్టాన్ని వేరుచేసి చూడడమే ఈ చట్టంలోని విశేషం.