కడప బండకూ పగడపు దిబ్బకూ ఉన్న చుట్టరికం

మన సీమలో ఇంటికైనా, బడికైనా, ప్రార్థన మందిరానికైనా నేల పరచాలంటే ముందు గుర్తొచ్చేవి కడప బండలు, బేతంచెర్ల బండలు. ఈ సున్నపురాయి కోట్ల ఏళ్ల క్రితం లోతు తక్కువ సముద్రం అడుగున పొరలుగా పేరుకున్నదని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. వేంపల్లె ప్రాంతపు రాళ్లలో అంతకంటే పాత గుర్తులున్నాయి. కంటికి కనిపించని సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టిన ఆ దిబ్బలను స్ట్రొమటోలైట్లు అంటారు. వాటి వయసు 180 కోట్ల ఏళ్లకు పైమాటే.

చిన్న ప్రాణులు రాతి దిబ్బలు కట్టే పని నేటి సముద్రాల్లోనూ సాగుతోంది. ఇప్పుడు ఆ మేస్త్రీలు పగడాలు. సముద్రమే కనిపించని మనకు వాటితో పనేమిటని అనుకోకండి.

పగడం అనగానే ఉంగరంలోని ఎర్ర రాయి గుర్తొస్తుంది. దిబ్బలు కట్టే పగడాలు వేరు. ఒక్కొక్కటి చిన్న జంతువు. నీటిలోని సున్నంతో తన చుట్టూ గూడు కట్టుకుంటుంది. దాని ఒంట్లో సన్నని నాచు కాపురముంటుంది. ఎండ సాయంతో ఆ నాచు తయారుచేసే ఆహారమే పగడానికి ప్రధాన ఆధారం, రంగు కూడా దానిదే. సముద్రపు అడుగులో ఈ దిబ్బలు ఒక శాతం కూడా ఉండవు. అయినా సముద్ర జీవజాతుల్లో దాదాపు నాలుగో వంతుకు ఇవే నీడ.

వేసవిలో ఉండే గరిష్ఠ వేడి కంటే నీరు ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం ఆ నాచును బయటికి నెట్టేస్తుంది. తెల్లబారి ఆకలితో మాడుతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, లేకపోతే చనిపోతుంది. మన లక్షద్వీప్‌లో 1998, 2010, 2016లో ఇదే జరిగింది. అక్కడి దిబ్బల మీద 1998లో 37 శాతం ఉన్న బతికిన పగడం, 2022 నాటికి 20 శాతం లోపుకు పడిపోయింది. ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబారడం ఇది నాలుగోసారి అని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

మరి చేపల వేటకూ దీనికీ సంబంధం ఏమిటి? చచ్చిన పగడం మీద నాచు దట్టంగా పెరుగుతుంది. అది అలాగే ఉంటే పిల్ల పగడానికి అంటుకునే చోటు దొరకదు. చిలుక చేపల వంటివి ఆ నాచును గీకి తిని చోటు శుభ్రం చేస్తాయి. వాటిని వలలతో ఊడ్చేస్తే దిబ్బ తిరిగి లేవలేదు. ఒక కరువును తట్టుకున్న రైతు కూడా విత్తన శనక్కాయలు మిగుల్చుకుంటేనే మళ్లీ విత్తుతాడు. విత్తనం కూడా తినేశాక వాన వచ్చినా ఏం లాభం?

లక్షద్వీప్ జాలర్లు తరతరాలుగా గాలపు కర్రలతో ట్యూనా చేపలనే ఎక్కువగా పట్టారు. అందువల్ల దిబ్బల చేపలు చాలావరకు మిగిలాయి. ఇటీవల వ్యాపారం కోసం వాటినీ పడుతున్నారు. తమిళనాడు మన్నార్ సింధుశాఖలో ఇంకో దెబ్బ తగిలింది. సున్నం బట్టీల కోసం, కట్టడాల కోసం పగడాన్నే తవ్వారు. అక్కడి 21 దీవుల్లో రెండు నీట మునిగాయి. 1986లో ఆ ప్రాంతాన్ని సముద్ర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు.

ఇక మన సంగతి. ఎర్రగుంట్ల వైపు సిమెంటు బట్టీల్లో కాలేది ఆ పాత సముద్రపు రాయే. 100 కిలోల శుద్ధ సున్నపురాయి కాలితే దాదాపు 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. బట్టీకి వేసే బొగ్గు పొగ దీనికి అదనం. ఒకనాటి సముద్రం రాయిలో దాచిపెట్టిన వాయువే నేటి సముద్రాన్ని వేడెక్కిస్తోంది.

ఆ ఫ్యాక్టరీల మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి. మూసేయమనడం తేలిక, న్యాయం కాదు. కానీ థర్మల్ కేంద్రాల బూడిద కలిపిన సిమెంటుకు కాల్చే రాయి తగ్గుతుంది. ఇల్లు కట్టేవారు, మందిరం కట్టే సంఘాలు దాన్ని అడిగి కొనవచ్చు. అవసరానికి మించి కట్టకుండా ఉండవచ్చు.

సముద్రపు వేడిని తగ్గించడం లోకమంతా కలిసి చేయాల్సిన పని, దానికి ఏళ్లు పడుతుంది. చిలుక చేపను వదిలేయడం మాత్రం ఈ రోజే చేయగలిగినది. మొదటిది జరిగేదాకా దిబ్బను బతికించి ఉంచేది ఈ రెండోదే.