పట్నంలో డప్పుకు పిలుపుంది, డప్పు కొట్టేవానికి గది లేదు

వికారాబాదు, తాండూరు ప్రాంతాల నుంచి హైదరాబాదుకు నిత్యం ఏమేమి చేరుతున్నాయని అడిగితే ఎవరైనా నాపబండలు, కందిపప్పు, కూరగాయలు, అడ్డా కూలీలు అని చెబుతారు. ఆ జాబితాకెక్కని సరుకు ఒకటుంది. పెండ్లిళ్ళ కాలం మొదలుకాగానే మా మాదిగవాడల నుంచి ఇరవై, ఇరవై రెండేళ్ళ పిల్లలు గోనెసంచిలో చుట్టిన డప్పులతో రైలెక్కుతారు. వాడి, సికింద్రాబాదుల మధ్య ఈ రైలుమార్గం 1874లో మొదలైంది. దాని మీద మా తాత కూలికి పోయాడు, మా నాయన బండల లోడుతో పోయాడు. కళాకారుడినని చెప్పుకుంటూ పోయినవాణ్ణి మా ఇంట్లో నేనే మొదటివాణ్ణి. ఏడు నెలలైంది. ఈ ఏడు నెలల్లో నగరం నా కళకు ఏ వెల కట్టిందో, నా కులానికి ఏ వెల కట్టిందో వేరువేరుగా చెప్పడం సాధ్యం కావడం లేదు. అందుకే రెండూ కలిపి రాస్తున్నాను.

నా చేతిలోని డప్పు మా తాత చేసింది. చెప్పుల తోలునైతే లందలో తంగేడు చెక్కతో ఊనాలి. డప్పు తోలును ఊనకూడదు. సున్నపునీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, పచ్చిగానే వేపచెక్క వలయం మీద సాగదీసి, చింతగింజల జిగురుతో అతికించి, నీడలో ఆరబెట్టాలి. ఎంత ఎండ తగలాలో, ఎంత బిగువు ఉండాలో కొలిచే సాధనమేదీ లేదు, తాత బొటనవేలే కొలత. వాయించే ముందు మంట దగ్గర కాచాలి. కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల. పెండ్లి దెబ్బ వేరు, చావు దెబ్బ వేరు, చాటింపు దెబ్బ వేరు, పీర్ల దెబ్బ వేరు. ఊరికి ఆవల పొలంలో ఉన్న మనిషి కూడా వినగానే ఊళ్ళో ఏం జరిగిందో గ్రహించేవాడు. ఇంత శాస్త్రం తెలిసిన మనిషిని ఊరు ఏనాడూ విద్వాంసుడు అనలేదు. కళ్ళంలో గింజలు కొలిచి ఇచ్చేటప్పుడు దానిని కూలి అని కూడా అనలేదు, మేర అన్నది. కూలి అయితే అడిగే హక్కు ఉంటుంది. మేర అంటే ఇచ్చేవాడి దయ. రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. అయినా అర్ధరాత్రి పెద్దింట్లో ముసలాయన కన్నుమూస్తే తలుపు తట్టేది మా ఇంటిదే.

నాయన తాండూరు దగ్గర బండల పాలిష్ యూనిట్‌లో పని చేస్తాడు. రాతిపొడి ఆయన దగ్గులో వినబడుతుంది. నేను డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నప్పుడు, మా పక్కూరి అన్న ఒకాయన నగరంలో డప్పు బృందం నడుపుతున్నానని, మనిషి తక్కువయ్యాడని కబురు పెట్టాడు. ‘మేళానికి ఎనిమిది వందలు, తమ్మీ. రైలు కిరాయి నీదే’ అన్నాడు. వెళ్ళాను.

మొదటి మేళం ఊరి వెలుపలి ఒక ఫంక్షన్ హాలులో. మా పదిమందికీ ఒకే రంగు ధోవతులు, తలపాగాలు ఇచ్చారు. మా ఊళ్ళో పెద్దల ఎదుట తలగుడ్డ తీసి చంకలో పెట్టుకోవడం మా తాతల మర్యాద. ఇక్కడ వాటిని కట్టించేది అతిథుల ఫొటోల కోసం. పెండ్లికొడుకు గుర్రం దిగే చోటు నుంచి ద్వారం వరకు దారికి ఇరువైపులా నిలబడి వాయించాలి. ద్వారం దాటి లోపలికి రాకూడదు. అతిథులు మా మధ్య నిలబడి ఫొటోలు తీసుకున్నారు. ఒకామె తన చిన్నపిల్ల చేత నా డప్పు మీద కొట్టించి మురిసిపోయింది. మా ఊళ్ళో ఆ తోలును తాకడానికి జంకేవాళ్ళు ఇంకా ఉన్నారు కనుక ఆ దృశ్యం నాకు నిజంగానే సంతోషం కలిగించింది. భోజనాల వేళకు మాకు విడిగా వంటశాల వెనుక, జనరేటరు పక్కన ఆకులు వేశారు. బ్యాండు వాళ్ళు, కాటరింగు పిల్లలు కూడా అక్కడే తిన్నారు కాబట్టి దీనికి కులం అంటగట్టలేనని అనుకున్నాను. తర్వాత ఆ పిల్లలను ఊళ్ళు, ఇంటిపేర్లు అడిగి తెలుసుకున్నాక, అంటగట్టవచ్చునని తేలింది.

అదే నెలలో ఒక బారాత్‌లో మాతోపాటు బార్కస్ నుంచి వచ్చిన మర్ఫా బృందం వాయించింది. నిజాముల కాలంలో ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు, యెమన్ ప్రాంతం నుంచి వచ్చిన చావుష్‌లు ఈ నగరానికిచ్చిన వాద్యం అది. నేడు హైదరాబాదు వీధుల్లో ప్రతి కులంవాడూ ఆడే తీన్‌మార్‌లో వారి దరువూ ఉంది, మా దరువూ ఉంది. వాళ్ళ పెద్దాయన నా డప్పును చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, ఎవరు చేశారని అడిగాడు. ఏడు నెలల్లో ఆ ప్రశ్న నన్ను అడిగినవాడు ఆయనొక్కడే. మిగిలినవారు అడిగిన ప్రశ్న వేరే: ‘ఏ ఊరు? ఊళ్ళో ఎక్కడ ఉంటారు?’ రెండో ప్రశ్నకు అర్థం తెలియని మాదిగవాడు ఉండడు.

వానాకాలం వచ్చేసరికి తోలు డప్పుతో చిక్కు మొదలైంది. చెమ్మకు తోలు జారుతుంది, మళ్ళీ కాచాలి. గడ్డిమంట వేసే చోటు నగరంలో ఎక్కడుంది? ఒక స్టార్ హోటల్ వెనుక ప్రాంగణంలో అట్టముక్కలు వెలిగించినందుకు కాపలాదారులు మమ్మల్ని గేటు బయటకు పంపారు. అన్న ఫైబరు డప్పులు కొన్నాడు. బోల్టులు బిగిస్తే చాలు, తడిసినా మోగుతాయి, వాసన ఉండదు. ఈ చివరి గుణం ఈవెంటు నిర్వాహకులకు అన్నింటికన్నా నచ్చింది. నేను కూడా ఫైబరు డప్పే వాయిస్తున్నాను, దానిపై ఫిర్యాదు లేదు. పశువు తోలు తీసే పని మా వాళ్ళ నెత్తి మీద నుంచి దిగితే మంచిదే. కానీ తోలు పోయిన తర్వాత కూడా వాయించేవాడి స్థానం జనరేటరు పక్కనే ఉన్నప్పుడు, వాసన తోలుది కాదని ఒప్పుకోవాలి.

గది సంగతి. మొదట బోరబండలో అన్న గదిలో ఆరుగురం ఉండేవాళ్ళం. విడిగా ఒక గది చూసుకుందామని నేనూ, యాలాల వైపు నుంచి వచ్చిన మరొక మిత్రుడూ పదకొండు ఇళ్ళు తిరిగాం. ఏం పని చేస్తారంటే కళాకారులం అన్నాం. ఆ మాటకు ముఖాలు విప్పారేవి. ఏ కళ అంటే డప్పు అనేవాళ్ళం. అక్కడితో సంభాషణ మలుపు తిరిగేది. చప్పుడు అవుతుందని ఒకరు, బంధువులు వస్తున్నారని మరొకరు. ఒక ఇంటావిడ మాత్రం కపటం లేకుండా చెప్పింది: ‘మాకు పట్టింపులు లేవు బాబూ. పైన మా అత్తగారు ఉంటారు, ఆమెకు మడి. ఏమనుకోవద్దు.’ ఆమె నిలబడిన వరండాలో పరచినవి మా తాండూరు బండలే. నీలిరంగువి, చేత్తో చెక్కిన పాతకాలపు బండలు. వాటిని తవ్వినవాడు, మోసినవాడు, నునుపు చేసినవాడు ఎవరో ఆ మడికి తెలియదు. చప్పుడు గురించి చెప్పిన సాకులో సగం నిజముందని ఒప్పుకుంటాను. తబలా నేర్చుకునే కుర్రవాడికి అదే వీధిలో గది దొరికినప్పుడు మిగతా సగం ఏమిటో తెలిసింది.

ఈ నగరంలో అంటరానివారి చేతికి కళ ఆయుధంగా దొరకడం కొత్త కాదు. 1906లోనే భాగ్యరెడ్డి వర్మ ఇక్కడ జగన్మిత్ర మండలి స్థాపించి, చదువు రానివారికి హరికథల ద్వారా చైతన్యం చెప్పించాడు. గద్దర్ గోచీ, గొంగడి, డప్పులను వేదిక మీదికి తెచ్చాడు. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం లేని సభ లేదు, డప్పు లేని ధూంధాం లేదు. రాష్ట్రం వచ్చాక సాంస్కృతిక సారథి ద్వారా అయిదు వందల పైచిలుకు కళాకారులకు జీతాలు వచ్చాయి. అది చిన్న విషయం కాదు. అయితే ఉద్యమంలో డప్పు పట్టినవారు ఎన్ని వేలు? నాలాంటి, ఉద్యమం నాటికి బడిలో ఉన్న తరానికి మిగిలింది మంత్రుల రాకకు స్వాగత దరువు వేసే పని. ఒక సభలో మూడు గంటల పాటు ఎండలో వాయించాం. డబ్బు రెండు నెలల తర్వాత, సగానికి సగం తగ్గి వచ్చింది.

గుర్తింపు వస్తే బతుకు మారుతుందని వాదించేవారికి ఇద్దరు మొగిలయ్యలను చూపించాలనిపిస్తుంది. దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయించే డక్కలి కళాకారుడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్ళ తర్వాత, 2024లో, తుర్కయంజాల్ వద్ద నిర్మాణ స్థలంలో ఆయన కూలి పని చేస్తున్న చిత్రం దేశమంతా చూసింది. పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు దుగ్గొండి వైపు ఊరూరా కథ చెప్పి బతికినవాళ్ళు. 2023లో వచ్చిన ‘బలగం’ చిత్రం చివరి ఘట్టంలో వాళ్ళ పాటకు ఊళ్ళకు ఊళ్ళు కూర్చుని ఏడ్చాయి. మరుసటి ఏడాది డిసెంబరులో ఆయన మూత్రపిండాల జబ్బుతో మరణించాడు. మా బృందంలో రాత్రి మేళం ముగిసి రైలు కోసం కూర్చున్నప్పుడు ఈ పేర్లు తరచూ వస్తాయి. కన్నీళ్ళు పెట్టించగలిగినవాడికి డయాలసిస్ ఖర్చు కోసం చేయి చాచవలసి రావడం ఎట్లాంటి లెక్క అని మా అన్న అడుగుతాడు.

డక్కలి ప్రస్తావన వచ్చింది కనుక మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. జాంబపురాణం చెప్పే డక్కలివారు మాదిగల మీద ఆధారపడిన కులం. వాళ్ళు మా దగ్గరే అడుక్కోవాలి, మా వాడ బయటే దిగాలి. ఊరికి ఆవల మా వాడ, మా వాడకు ఆవల వాళ్ళ డేరా. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణను సమర్థించింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 కులాలు మూడు వర్గాలయ్యాయి. డక్కలి, బుడగ జంగాలు మొదటి వర్గంలో ఒక శాతంతో, మేము రెండో వర్గంలో తొమ్మిది శాతంతో ఉన్నాం. మా వాడల్లో దీనికి డప్పులు మోగాయి, మోగించినవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ సర్కారు కొలువుకు చదువు కావాలి. ఊరూరా తిరిగే డేరాలోని పిల్లవాడికి బడే లేనప్పుడు ఆ ఒక్క శాతం ఎవరికి చేరుతుంది? డప్పు వాయించేవారికి పింఛను కావాలని మేము అడిగేటప్పుడు కిన్నెర, బుర్ర, జముకు వాయించేవారి పేర్లు కూడా మా కాగితంలో ఉండాలి.

గత చలికాలంలో ఊళ్ళో ఒక పెద్ద కుటుంబపు యజమాని చనిపోయాడు. తాతకు ఎనభై దాటాయి, భుజం లేవడం లేదు. నాకు ఫోను వచ్చింది. ఫోను చేసింది తాత కాదు, ఆ ఇంటి మనిషి. ‘ఏమిరా, పట్నంల పైసలకు కొడుతున్నవంట. మీ తాత చేసిన చాకిరీ మరిచిపోతివా? సాయంత్రం వరకు రావాలె’ అన్నాడు. వస్తాను, మేళానికి ఎనిమిది వందలు, పదిమందికి ఎనిమిది వేలు, అక్కడ తీసుకుంటున్న లెక్కే అన్నాను. ఆయన ఫోను పెట్టేశాడు. శవం ముందు తాండూరు నుంచి తెచ్చిన బ్యాండు మోగింది. దానికి ఎనిమిది వేలకన్నా ఎక్కువే అయింది. మూడో రోజు మా చిన్నాయనను వాళ్ళ కందిచేను పనికి రావద్దన్నారు. కౌలు మాట కూడా ఎత్తవద్దన్నారు.

ఇంట్లో పెద్ద రభస జరిగింది. నాయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పట్నంలో ఉండేవాడికి పౌరుషం తేలిక, ఊళ్ళో ఉండేవాళ్ళు దాని ఖరీదు కట్టాలి అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, అది నిజం. చిన్నాయన ఇప్పుడు పాలిష్ యూనిట్‌కు పోతున్నాడు, కూలి కొంచెం ఎక్కువ, దుమ్ము చాలా ఎక్కువ. తాత మాత్రం మంచం మీద నుంచే అడిగాడు: ‘ఎనిమిది వందలు అన్నవా, కొడుకా?’ అవును తాతా అన్నాను. ‘నాకు పెట్టింది సోలెడు జొన్నలు, ఒక సీసా కల్లు’ అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కోపమో, లెక్కవేసుకుంటున్నాడో తెలియలేదు.

మా ఊళ్ళో పీర్ల పండుగకు డప్పు లేకుండా సవారీ లేవదు. అలావ మంట దగ్గరే మా డప్పులు కాచుకుంటాం. ఆ దరువు మీద ముస్లిములూ, బీసీలూ, మాదిగలూ కలిసి ఆడతారు. అది చావు దెబ్బ వంటిది కాదు, మాకూ ఇష్టమైన దరువు. ఈసారి మా వాడ యువకులం పద్నాలుగు మందిమి కలిసి గ్రామపెద్దలకు ఒక కాగితం ఇచ్చాం. పండుగకు వాయిస్తాం, కూలి ముందుగా నిర్ణయించాలి, చావులకు పిలుపు వస్తే ఇష్టమున్నవారే వస్తారు, రానివారి ఇంటివాళ్ళను పని నుంచి తీసేయరాదు, చిన్నాయన కందిచేను సంగతి ముందు తేల్చాలి. కాగితం అందిందని సర్పంచ్ చెప్పాడు. రెండు వారాలైంది. జవాబు ఇంకా రాలేదు.