పరిచర్యా శబ్దార్థ విచారము

శబ్దము యోగమువలన గాని, రూఢివలన గాని, ఉభయమువలన గాని అర్థమును బోధించునని శాస్త్రకారుల మతము. గమనార్థకమైన ధాతువునుండి 'గో' శబ్దము పుట్టినను నడచునదెల్ల గోవు కాదు. పంకమున పుట్టిన వన్నియు పంకజములు కావు. ఈ వివేకము కావ్యశాస్త్రములకే కాక, తెలుగు బైబిలును బోధించువారికిని అత్యావశ్యకము.

నల్లగొండలో 1890 ప్రాంతమున రష్యాదేశపు మెన్నోనైట్ బ్రదరన్ సమాజమునకు చెందిన అబ్రహాం ఫ్రీసెన్ అమెరికన్ బాప్టిస్టు మిషను పక్షమున పని ప్రారంభించెను. 1899లో అమెరికా మెన్నోనైట్ బ్రదరన్ మిషనరీలు హైదరాబాదు రాజ్యమునకు వచ్చిరి. పిమ్మట దేవరకొండ, నాగర్‌కర్నూలు, వనపర్తి మొదలగు స్థలములు వారి కేంద్రములైనవి. గ్రామబోధకుల శిక్షణకై నాగర్‌కర్నూలులో బైబిలు పాఠశాల వెలసినది. తరువాతి కాలమున ఆ శిక్షణకు శంషాబాదు స్థానమైనది. ఈ సంఘములలో మాల, మాదిగ కులములవారే అధికసంఖ్యాకులు. వారు నేర్చి, వారే బోధించిన పదములలో 'పరిచర్య' ముఖ్యమైనది.

'చర' ధాతువునకు 'పరి' ఉపసర్గ చేరగా ఏర్పడిన ఈ పదమునకు చుట్టును మెలగుట, కనిపెట్టుకొని యుండి సేవించుట అని అర్థము. గురుపరిచర్య శిష్యునకు భూషణమే. అయినను భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున పరిచర్య శూద్రునకు స్వభావజమైన కర్మగా చెప్పబడినది. సంస్కృత నాటకములలో పరిచారిక యనగా దాసీజనములోనిది. కావున ఈ పదమును వినిన సంస్కృతజ్ఞునకు ఉన్నతపదవి స్ఫురింపదు.

గ్రీకుమూలమందలి 'దియకోనియా' శబ్దమునకును లోకవ్యవహారమున పంక్తియొద్ద వడ్డించుట మొదలగు సేవలు అర్థములు. అపొస్తలుల కార్యముల ఆరవ అధ్యాయమున విధవలకు అనుదినము ఆహారము పంచుటకును, వాక్యమును బోధించుటకును ఈ పదమే ప్రయుక్తమైనది. అన్నము వడ్డించు చేయి, వాక్యము చెప్పు నోరు ఒకే పేరు పొందినవి. తెలుగున వాక్యపరిచర్య యను సమాసము ఈ ఐక్యమును చక్కగా నిలిపినది. రోమా పత్రిక తుది అధ్యాయమున ఫీబే యను స్త్రీని గూర్చి మూలమందున్నది 'దియకొనోస్' శబ్దమే. తెలుగున పరిచారకురాలు అనిరి. దానిని నాటకములలోని పరిచారికతో సమానముగా గ్రహించిన బోధకుడు సంఘమున ఆమెకు గల స్థానమును తగ్గించినవాడగును.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు ఈ మండలమున కలదు. నిజాము పాలనలో దొరలకు వెట్టిచాకిరి చేసిన కుటుంబములకు సేవ యనగానే నిర్బంధము తోచుట సహజము. 1946 మొదలు 1951 వరకు సాగిన రైతాంగ పోరాటమున నల్లగొండ ప్రజలు ఎదిరించిన వానిలో వెట్టియు నొకటి. వారి సంతతికి 'పరిచర్య చేయుడు' అని మాత్రమే చెప్పిన, పాత కాడిని దేవుని పేర మరల మెడపై పెట్టినట్లగును. మార్కు సువార్త పదియవ అధ్యాయము ఈ సందేహమును తీర్చుచున్నది. అచ్చట పరిచారకుడు కావలసినవాడు గొప్పవాడు కాగోరువాడు. ముందుగా పరిచర్య చేసినవాడు ప్రభువే. వెట్టిలో బలహీనుడు బలవంతునకు లోబడును. ఇచ్చట అధికుడు తనంత తాను వంగును. క్రియారూపమొకటియైనను కర్త మారినందున తాత్పర్యము మారినది. ఇదియే ఈ పదమునకు సంఘమున ఏర్పడిన రూఢి.

'ఆత్మ' శబ్దమునందును ఇట్టి జాగరూకత వలయును. హీబ్రూభాషలోని 'రూఅహ్', గ్రీకులోని 'ప్న్యూమా' గాలి, ఊపిరి అను అర్థములు కలవి. యోహాను సువార్త మూడవ అధ్యాయమున ఒకే పదము గాలికిని ఆత్మకును చెల్లుటచే శ్లేష యేర్పడినది. తెలుగున రెండు పదములు వాడకతప్పదు గనుక అది మరుగైనది. వేదాంతమున నిర్వికారమైన ఆత్మను ఎరిగిన శ్రోతకు, వీచునట్టియు కదలించునట్టియు ఆత్మను ప్రత్యేకముగా వివరింపవలసి యుండును.

ధాతువును చూపినంతమాత్రమున ప్రయోగార్థము సిద్ధింపదని జేమ్స్ బార్ 1961లో బైబిలు పదవిచారకులను హెచ్చరించెను. యోగముకంటె రూఢి బలవత్తరమను మన శాస్త్రకారుల నిర్ణయము దీనికి దూరము కాదు. కనుక బోధకశిక్షణలో మూలభాషాప్రయోగము, తత్సమపదముయొక్క పూర్వచరిత్ర, గ్రామమున ఆ పదము వినబడు తీరు అను మూడింటిని కలిపి బోధించుట యుక్తము. మొదటి రెండును గ్రంథములవలన తెలియును. మూడవది పాలమూరు, నల్లగొండ పల్లెలనుండి వచ్చిన విద్యార్థులే గురువునకు తెలుపగలరు.