ఫార్మాట్ కొట్టకముందు కరెంటు చూడండి
మామిడి సీజన్ వచ్చిందంటే నూజివీడులో నా రిపేరు షాపుకు ఒకటే ఫిర్యాదు: "బాబూ, సిస్టం దానంతటదే ఆగి మళ్ళీ ఆన్ అవుతోంది." వెనకే ఇంకో మాట: "వైరస్సే అయ్యుంటుంది, ఫార్మాట్ కొట్టెయ్." వద్దంటాను. కమీషన్ కొట్టులో బంగినపల్లి, రసాల లెక్కలన్నీ ఆ డిస్కులోనే ఉంటాయి. ఏ రైతుకు ఎంత ఇవ్వాలో చెప్పేది అదే.

నేను ముందు అడిగేది, అది ఎప్పుడు ఆగుతోందని. దగ్గర్లో మోటారు వేసినప్పుడా? మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. వోల్టేజి జారిపోతుంది. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక సైకిల్ 20 మిల్లీసెకన్లు. కరెంటు పూర్తిగా తెగితే, సిస్టంకు కరెంటు అందించే డబ్బా, అంటే ఎస్‌ఎంపీఎస్ నిండు లోడు మీద సొంతంగా నిలబడేది దాదాపు 16, 17 మిల్లీసెకన్లే. పాతబడితే అదీ ఉండదు. గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. అందుకే కరెంటు మీద ఎవరికీ అనుమానం రాదు.

"యూపీఎస్ ఉందిగా" అంటారు. బ్యాటరీ బతికుందా? ఫైళ్లు సేవ్ చేసుకుని, గోడ దగ్గర యూపీఎస్ స్విచ్ ఆపి చూడండి. సిస్టం వెంటనే పోతే ముందు బ్యాటరీ మార్చాలి. మన ఎండలకు అవి ఎక్కువ కాలం రావు.

ట్రిపుల్ ఐటీ పిల్లలు తెచ్చే ల్యాప్‌టాప్‌లకు సొంత బ్యాటరీ ఉంటుంది కాబట్టి ఈ కుదుపు తగలదు. వాటిలో వేడి చూస్తాను: దుమ్ము పట్టిన ఫ్యాను, ఎండిపోయిన థర్మల్ పేస్టు. వేడెక్కిన ప్రాసెసర్ ముందు వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ వేడి దిగకపోతే మిషన్ ఆగిపోతుంది.

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే 'కెర్నల్ పవర్ 41' అని కనిపిస్తుంది. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే దానర్థం. అది కారణం కాదు. వివరాల్లో బగ్‌చెక్ కోడ్ 0 ఉంటే నా అనుమానం ముందు కరెంటు మీదకు, తర్వాత వేడి మీదకు పోతుంది. వేరే అంకె ఉంటే ర్యామ్ తీసి మళ్ళీ బిగించి, విండోస్ మెమరీ డయాగ్నొస్టిక్ నడుపుతాను, డ్రైవర్లూ చూస్తాను.

ఇవన్నీ చూశాకే ఫార్మాట్ మాట. అదీ లెక్కలు పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాకే. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఇంట్లో విప్పకండి. ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్‌లో షాక్ కొట్టేంత కరెంటు కాసేపు నిలిచే ఉంటుంది.