పాతకారునకు క్రొత్త కమానులు



పాత అంబాసిడర్ కారు వెనుకభాగము క్రుంగినప్పుడు ఎట్టి కమానుకట్ట వేయించవలెనను ప్రశ్న పుట్టును. "ఎంత గట్టిదైన అంత మంచిది" అని సలహా యిచ్చువారు ప్రతి ఊరను గలరు. ఆ సలహా హానికరమని నా అభిప్రాయము. కారణములు మనవి చేసెదను.

ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ కారును మాతృకగా గొని, పశ్చిమ వంగమునందలి ఉత్తరపారాలో 1950 తరువాతి సంవత్సరములలో అంబాసిడర్ తయారీ మొదలై, 2014లో నిలిచిపోయెను. కావున నేడు ఆ కారు గలవారు విడిభాగములను తామే విచారించి ఎన్నుకొనవలసియున్నది.

కమాను చేయు పనులు మూడు. మొదటిది మీరెఱిగినదే. ఎద్దుబండికి కమానులు లేవు. చక్రము గుంతలో పడిన దెబ్బ ఇరుసునుండి తిన్నగా మన నడుమునకు వచ్చును. జట్కాకు కమానులుండుటచే ఆ దెబ్బ నడిమిదారిలోనే మెత్తబడును. రెండవది, చక్రమును నేల విడువకుండ ఉంచుట. చక్రము నేల నంటియున్నంతవరకే బ్రేకు పట్టును, కారు చెప్పినట్లు మలుపు తిరుగును. మూడవది, అంబాసిడర్ వెనుక ఇరుసును ముందువెనుకలకు జరుగనీయక నిలుపునదియు ఆ కమానుకట్టయే. కావున దాని యెంపిక సుఖమునకు మాత్రమే గాక ప్రాణములకును సంబంధించినది.

కమానుపై బరువు రెట్టింపైనచో వంపును రెట్టింపగునని రాబర్టు హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1678లో ప్రకటించెను. అనగా ప్రతి కమానునకును ఒక లెక్క గలదు: ఒక్క సెంటీమీటరు వంగుటకు ఇన్ని కిలోలు కావలెనని. దీనిని బిగువు అని పిలిచెదను. ఎత్తు వేఱు, బిగువు వేఱు. ఈ భేదమును గుర్తించినచో తక్కినదంతయు సులభము.

చిరకాలము బరువు మోసిన పట్టీలు తమ వంపును కొంత కోల్పోవును, కారు క్రుంగును. అంతమాత్రమున ఉక్కు మెత్తబడినదని తలపరాదు. పట్టీ విరుగక, తుప్పు తినక యున్నచో దాని బిగువు దాదాపు క్రొత్తనాటిదే. పోయినది ఎత్తు మాత్రమే. పోయిన ఎత్తునకు బిగువు పెంచుట, చెప్పు అరిగినదని కాలికి కట్టు కట్టినట్లుండును.

పైగా బిగువు మనము తలంచినంత నెమ్మదిగా పెరుగదు. పట్టీ మందము రెట్టింపైనచో బిగువు ఎనిమిది రెట్లగును. 6 మిల్లీమీటర్ల పట్టీలకు బదులు అంతే పొడవు, వెడల్పు గల 7 మిల్లీమీటర్ల పట్టీలను అదే సంఖ్యలో వేసినచో బిగువు ఒకటిన్నర రెట్లకు మించును. ఆ ఒక్క మిల్లీమీటరు కంటికి తెలియదు, నడుమునకు తెలియును.

అట్టి కారు ఖాళీగా పోవునప్పుడు వెనుకచక్రములు గతుకులపై ఎగిరిపడును. వానలో మలుపు తిరుగునప్పుడు వెనుకభాగము ప్రక్కకు జారవచ్చును. మఱియు అంబాసిడర్‌నకు లారీవలె వేఱుగ చట్రము లేదు, దేహమే చట్రము. కమాను మోయవలసిన దెబ్బలను దేహము మోయుటచే, కమానులు తగిలించు చోటులందు రేకు పగుళ్లు వారును.

ఇక ఎన్నుకొను విధము. నేను ముందుగా చేయు పని కొలుచుట. కారును సమతలమున నిలిపి, టైర్లలో గాలి సరిచేసి, చక్రపు నడిబొడ్డునుండి మడ్‌గార్డు అంచువరకు రెండువైపులను కొలిచెదను. పిదప కట్టలోని పట్టీల సంఖ్య, మందము, వెడల్పు, ఒక కన్నునుండి మఱియొక కన్నునకు గల దూరము, నడిమి వంపు వ్రాసికొందును. వీనిని ఆ కారు పుస్తకములోని లెక్కలతో పోల్చి, అదే బిగువు గల జతను ఎన్నుకొందును. ఒకవైపే మార్చుట తగదు, రెండువైపులను మార్చవలెను. డిక్కీలో గ్యాసు ట్యాంకు శాశ్వతముగ నున్నచో, దాని బరువు తూచి, దానికి తగినంత మాత్రమే బిగువు పెంచవచ్చును.

పాత పట్టీలు మంచివైనచో, కమానుల పనివానిచే మరల వంపు పెట్టించవచ్చును. పాత లారీపట్టీతో కమ్మరి కొడవలి చేయుట మీరెఱుగుదురు. కాల్చిన ఉక్కును చప్పున చల్లార్చి, మరల మితముగ వేడిచేసి పదును పెట్టనిచో ఆ కొడవలి నిలువదు. ఆ నియమమే కమానునకును. కొలిమిలో కాల్చి ఊరక వంచి విడిచిన పట్టీ కొలదికాలములోనే మరల క్రుంగును.

అంబాసిడర్ ముందుచక్రములకు పట్టీలు లేవు. పురితిరుగు ఉక్కుకడ్డీలు గలవు. ఎడమకడ్డీని కుడివైపు బిగింపరాదు. అది ఒకే దిక్కున పురితిరుగుటకు అలవడినది. ప్రీమియర్ పద్మినికి ముందు చుట్టల స్ప్రింగులు గలవు. ఎత్తు తగ్గించుటకై ఒక చుట్టను కోయించువారు గలరు. కోసినచో ఎత్తు తగ్గుటయే గాక బిగువును పెరుగును.

క్రొత్త కట్ట వేయునప్పుడు రబ్బరు బుష్షులను, యూ-బోల్టులను క్రొత్తవే వేయవలెను. బుష్షులలోని బోల్టులను కారు తన చక్రములపై నిలిచిన పిదపనే తుదిగా బిగింపవలెను; లేనిచో రబ్బరు మెలిపడి త్వరలో చినుగును. కొన్నాళ్లు నడిపినపిదప యూ-బోల్టుల బిగింపును మరల చూడవలెను.

కావున "గట్టిది వేసెదను" అని మేస్త్రీ చెప్పినప్పుడు, "పట్టీలెన్ని? మందమెంత? వంపెంత?" అని అడుగుడు. ఈ మూడింటికి అంకెలతో ఉత్తరము చెప్పువానికి పని అప్పగింపుడు. ఆ అంకెలను కారు కాగితములలో దాచుడు; మీ పిదప ఆ కారును నడుపువారికి అవి అక్కరకు వచ్చును.