పరదేశ వైద్యసేవ: బోదకాలు నేర్పు పాఠములు

గోదావరి డెల్టాలో బోదకాలు మాట విననివారు లేరు. సంతలోనో, కాలువ రేవులోనో, ఏనుగు పాదమువలె లావెక్కిన కాలిని ఈడ్చుకొనుచు నడచు వృద్ధులు ఒకప్పుడు ఊరూర కనబడుచుండెడివారు. ఈ రోగము సాధారణముగా ప్రాణమును తీయదు. పనిని తీయును, పదిమందిలో తిరుగు ధైర్యమును తీయును. కూలికి పోయి బ్రతుకువారికి ఇది చిన్న నష్టము కాదు.

ఇట్టి ప్రాంతమున వైద్యము నేర్చిన యువకుడో, నర్సు శిక్షణ పొందిన యువతియో, ఫిజీ దీవులకో ఆఫ్రికా ఖండమునకో పోయి అచ్చటి బీదలకు కొంతకాలము ఉచితముగా సేవ చేయదలచిరని అనుకొందము. ఉద్దేశము మంచిదే. కాని ఉద్దేశము మంచిదైనంత మాత్రమున ఫలితమును మంచిదే కావలెనను నియమము లేదు. తన ఊర నేర్చిన విద్యలో పరదేశమున పనికివచ్చునది ఎంత? అపకారము చేయునది ఎంత? ఈ ప్రశ్నకు బోదకాలే చక్కని సమాధానము చెప్పగలదు.

క్రిమి, దోమ, మందు

బోదకాలును కలిగించునది దారపు పోగువంటి ఒక క్రిమి. దీనికి వుచెరేరియా బాంక్రాఫ్టి అని పేరు. పెద్ద క్రిములు మానవుని శోషరస నాళములలో నివసించును. ఆ నాళములు చెడిపోగా ఊరిన ద్రవము కదలక నిలిచిపోయి కాలు వాచును. పురుషులలో వరిబీజము, అనగా బుడ్డ, కలుగును. ఆడుక్రిమి కంటికి కనబడని పిల్లక్రిములను లక్షలకొలది రక్తములోనికి విడుచును. వీనినే మైక్రోఫైలేరియా అందురు. దోమ రక్తమును పీల్చినప్పుడు ఇవి దాని కడుపులో చేరి, సుమారు రెండు వారములలో పెరిగి, ఆ దోమ మరియొకరిని కుట్టినప్పుడు వారి శరీరములో ప్రవేశించును.

మానవ రక్తమున ఈ పిల్లక్రిములను 1872లో కలకత్తాలో టిమొతీ లూయిస్ అను వైద్యుడు కనుగొనెను. అవి దోమలో పెరుగునని 1877లో చైనాలోని అమోయ్ రేవు పట్టణమున ప్యాట్రిక్ మాన్సన్ కనుగొనెను. ఇరువురును స్వదేశమును విడిచి వచ్చి పరదేశమున పనిచేసిన వైద్యులే.

మందు కథ గోదావరి తీరముననే మొదలగును. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు, మద్రాసులో వైద్యము చదివి, 1923లో అమెరికా చేరెను. ఆయన మరల స్వదేశమునకు రాలేదు. లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వమున పనిచేసిన పరిశోధకులు డైఇథైల్ కార్బమజైన్ అను మందు ఫైలేరియా క్రిములపై పనిచేయునని కనుగొని 1947లో ప్రకటించిరి. హెట్రజాన్ అను పేర ఇది ప్రసిద్ధికెక్కినది. మరుసటి సంవత్సరమే ఆయన కాలధర్మము చెందెను. ఏ రోగము తాను పుట్టిన గడ్డను పీడించుచుండెనో, ఆ రోగమునకు మందు సముద్రముల కావలి నుండి ఆయన ద్వారా లభించినది.

సామూహిక చికిత్సలో ఈ మందు మోతాదు శరీరపు బరువు కిలోకు 6 మిల్లీగ్రాములు. 50 కిలోల మనిషికి 300 మిల్లీగ్రాములు, అనగా 100 మిల్లీగ్రాముల మాత్రలు మూడు. ఊరిలో ప్రతివారిని తూచుట కష్టము గనుక వయస్సును బట్టి మాత్రలను ఇత్తురు. రెండేండ్లలోపు పిల్లలకును, గర్భవతులకును, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికిని ఇయ్యరు. మింగిన పిమ్మట కొందరికి జ్వరము, తలనొప్పి రావచ్చును. అవి చాలవరకు రక్తములో పిల్లక్రిములు చచ్చుటవలన కలుగు చిహ్నములు. ఈ సంగతి ముందుగా చెప్పనిచో, మందు విషమను మాట ఊరంతయు ప్రాకును. మరుసటి ఏట ఎవరును నోరు తెరువరు.

ఏటేట మింగనేల? మందు పిల్లక్రిములను చక్కగా చంపును గాని పెద్ద క్రిములను అన్నిటిని చంపదు. అవి కొన్ని సంవత్సరములు బ్రతికి మరల పిల్లలను విడుచుచుండును. కావున అవి ముసలివై చచ్చు వరకు, ఊరిలో నూటికి కనీసము 65 మంది ఏటేట మందు మింగవలెను. భారతదేశమున జాతీయ ఫైలేరియా నియంత్రణ పథకము 1955లో మొదలైనది. ఏటేట అందరికి మాత్రలిచ్చు పద్ధతి 2004 నుండి దేశమున విస్తరించినది. ఈ రోగమును నిర్మూలించుటకు ప్రభుత్వము 2027ను గడువుగా పెట్టుకొన్నది.

అదే క్రిమి, వేరు గడియారము

మన ప్రాంతమున ఈ క్రిమిని మోయునది క్యూలెక్స్ దోమ. ఇది మురుగు నీటిలో పెరుగును, రాత్రివేళ కుట్టును. విచిత్రమేమనగా పిల్లక్రిములును ఈ వేళను పాటించును. పగటివేళ అవి ఊపిరితిత్తుల రక్తనాళములలో దాగి, రాత్రి చర్మము దగ్గరి రక్తములోనికి వచ్చును. అందుచే పరీక్షకు రక్తమును రాత్రి పది గంటలు మొదలు రెండు గంటల లోపల తీయుదురు. ఆరోగ్య సిబ్బంది లాంతరులు పట్టుకొని నిద్రించువారిని లేపి వ్రేలిని పొడిచి పోవుట డెల్టా పల్లెలలో పెద్దలు ఎరిగిన సంగతియే.

ఇప్పుడు మన వైద్యుడు ఫిజీకి పోయినాడు. ఆ దీవులు తెలుగువారికి కొత్తవి కావు. 1903 మొదలు 1916 వరకు మద్రాసు రాజధాని నుండి ఒప్పందపు కూలీలుగా చెరకు తోటలకు పోయినవారిలో తెలుగువారును ఉండిరి. అచ్చటను బోదకాలు కలదు; క్రిమియు అదే జాతిది. కాని అచ్చట దానిని మోయునది ముఖ్యముగా ఏడిస్ జాతి దోమ. ఇది పగలు కుట్టును. దానికి తగినట్లు పిల్లక్రిములును రేయింబవళ్లు రక్తములో ఉండి, పగటివేళ మరింత హెచ్చుగా కనబడును. గోదావరి అలవాటు చొప్పున అర్ధరాత్రి రక్తము తీసినచో రోగుల సంఖ్య తక్కువగా తేలి, రోగము తగ్గినదను భ్రమ కలుగును.

నివారణయు మారును. మన ఊర మురుగుకాలువలను బాగుచేయుట, రాత్రి దోమతెర కట్టుకొనుట మేలు. ఫిజీలో ఆ దోమ చెట్ల తొర్రలలోను, పారవేసిన కొబ్బరి చిప్పలలోను నిలిచిన వాననీటిలో పెరుగును. పగలు తోటలో పనిచేయువానిని రాత్రి కట్టు దోమతెర కాపాడజాలదు. కోనసీమ నుండి పోయినవానికి కొబ్బరితోట పుట్టినింటివలె తోచును. చెట్టు ఒకటే, దాని క్రింది దోమ వేరు.

అదే మందు, వేరు ఫలితము

ఇంతకంటె భయంకరమైన పాఠము ఆఫ్రికాలో కలదు. ఆ ఖండమున అనేక ప్రాంతములలో బోదకాలుతోపాటు నదీ అంధత్వము అను మరియొక క్రిమిరోగము కలదు. వేగముగా పారు ఏరుల ఒడ్డున పెరుగు నల్ల ఈగ దానిని మోయును. ఆ పిల్లక్రిములు రక్తములో గాక చర్మములోను, కంటిలోను తిరుగును. భారతదేశమున ఈ రోగము లేదు. కావున ఇచ్చట చదివిన వైద్యుడు దానిని గ్రంథములో తప్ప చూచియుండడు.

అట్టి రోగికి బోదకాలుకని డైఇథైల్ కార్బమజైన్ ఇచ్చినచో ఏమగును? మందు తన పని తాను చేయును. కంటిలోని క్రిములు ఒక్కసారిగా చచ్చును. చచ్చిన క్రిములపై శరీరము జరుపు ప్రతిక్రియ వలన కన్ను ఎర్రబారి వాచి, చూపు పోవచ్చును. భీమవరమున మేలు చేసిన మాత్రయే అచ్చట గ్రుడ్డితనము తెచ్చును. ఇందులో మందు తప్పు లేదు. దేశమెరుగక ఇచ్చినవానిదే తప్పు.

అందుచే ఆ ప్రాంతములలో ఐవర్‌మెక్టిన్, ఆల్బెండజోల్ అను మందులను కలిపి వాడుదురు. ఐవర్‌మెక్టిన్‌కు మూలమైన పరిశోధనకు గాను సతోషి ఓమురా, విలియం క్యాంప్‌బెల్ అను శాస్త్రజ్ఞులు 2015లో నోబెల్ బహుమానము పొందిరి. దానిని తయారుచేయు మెర్క్ సంస్థ, నదీ అంధత్వమునకు కావలసినంత మందును ఉచితముగా ఇత్తునని 1987లో ప్రకటించెను.

కథ ఇంతటితో ముగియలేదు. కామెరూన్, కాంగో మొదలగు మధ్య ఆఫ్రికా దేశముల అడవులలో లోవా లోవా అను మూడవ క్రిమి కలదు. దాని పిల్లలు రక్తములో మిక్కిలి హెచ్చుగా ఉన్నవారికి ఐవర్‌మెక్టిన్ ఇచ్చినచో మెదడుకు దెబ్బతగిలి స్మృతి తప్పవచ్చును. అరుదుగా మరణమును సంభవించును. కావున అచ్చట మాత్ర చేతికి తీసికొనుటకు ముందు సూక్ష్మదర్శినిని తీయవలెను. దానికంటె ముందు, ఆ ప్రాంతపు ఆరోగ్యశాఖవారిని అడుగవలెను.

మన దగ్గరకు వచ్చినవారు

పరదేశ వైద్యులు మన దగ్గరకు వచ్చినప్పుడును ఇట్టి పాఠములే నేర్వవలసివచ్చినది. అమెరికా నుండి డాక్టర్ అన్నా సేరా కూగ్లర్ 1883లో గుంటూరునకు వచ్చెను. తెలుగు నేర్చెను. 1898లో ఆమె ఆసుపత్రి తెరువబడినది. 1930లో గుంటూరుననే ఆమె కన్నుమూసెను. రాజమహేంద్రవరమున కూడ డాక్టర్ లిడియా వోర్నర్ మొదలగు లూథరన్ సంఘపు వైద్యురాండ్రు స్త్రీలకు, శిశువులకు చికిత్స చేసిరి. ఆ కాలమున ఘోషాలోని స్త్రీలు పురుష వైద్యుని ఎదుటికి వచ్చెడివారు కారు. కావున వైద్యురాలు వచ్చుటయే ఒక చికిత్స వంటిది.

అయినను ఆసుపత్రి ఒక్కటి చాలలేదు. ఇతరులు వండినది తినని కుటుంబములు ఆనాడు అనేకము. రోగి మంచముపై నుండగా బంధువులు ఎక్కడ వండుకొనవలెను, ఎక్కడ పండుకొనవలెను? ఏలూరు రాజావారు కృతజ్ఞతతో ఆసుపత్రి దగ్గర కట్టించిన సత్రము ఈ కొరతను తీర్చెను. అది మందు కాదు, కత్తి కాదు. కాని అట్టి సత్రము లేనిచో రోగులు గడప త్రొక్కక పోయెడివారు. స్థానికులు తమ అవసరమును తామే ఎరిగి కట్టిన కట్టడము అది.

మన దేశమునుండి పోయినవారిలో స్మరింపదగినవాడు డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్. ఆయన పుట్టిన షోలాపూరు, తెలుగు నేతకుటుంబములు అనేకము వలసపోయి స్థిరపడిన పట్టణము. 1938లో భారత జాతీయ కాంగ్రెసు చైనాకు పంపిన ఐదుగురు వైద్యులలో ఆయన ఒకడు. యుద్ధరంగమున శస్త్రచికిత్సలు చేయుటయే గాక, చైనా భాష నేర్చి, అచ్చటి విద్యార్థులకు వైద్యము బోధించెను. 1942లో 32వ ఏట అచ్చటనే మరణించెను. ఆయన పోయిన పిమ్మటను ఆయన నేర్పిన విద్య అచ్చట నిలిచినది.

పోయివచ్చిన పిమ్మట మిగులునది

సేవకు పోయినవాని పనిని కొలుచుటకు ఇదియే కొలబద్ద: అతడు తిరిగి వచ్చిన మరునాడు అచ్చట ఏమి మిగులును? వరిబీజమునకు శస్త్రచికిత్స పది దినములలో నూరుమందికి చేసి విమానమెక్కుట సులభము. కుట్లు విప్పునది ఎవరు? పుండు చీము పట్టినచో చూచునది ఎవరు? లావెక్కిన కాలికి కావలసినది దినదినము సబ్బునీటితో కడిగి, వ్రేళ్ల సందులను తుడిచి ఆరబెట్టుట, కాలిని ఎత్తుగా పెట్టుకొనుట, పాదమును ఆడించుట. దీనికి గొప్ప నిపుణుడు అక్కరలేదు. ఆ ఊరి నర్సునకు, ఇంటివారికి ఓపికతో నేర్పువాడు చాలును.

మందుల దానమునకును నియమములు కలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో వీనిని ప్రకటించి తరువాత సవరించినది. కోరని మందును పంపరాదు. చేరునాటికి కనీసము ఒక సంవత్సరము గడువు మిగిలియుండవలెను. చీటీ అచ్చటివారికి తెలిసిన భాషలో ఉండవలెను. మన పెట్టెలో మిగిలినది వారికి పనికివచ్చుననుకొనుట దయ కాదు, నిర్లక్ష్యము.

పోవువాడు తన ఆరోగ్యమును కాపాడుకొనుటయు సేవలో భాగమే. ఎల్లో ఫీవరు ఉన్న దేశములకు పోవువారు కనీసము పది దినములు ముందుగా టీకా వేయించుకొనవలెను. మలేరియా హెచ్చుగా ఉన్నచోట ముందుజాగ్రత్త మాత్రలు మింగవలెను. తాను మంచము పట్టిన వైద్యుడు, బీద ఆసుపత్రిలో ఒక పడకను ఆక్రమించును. ఆ దేశపు వైద్య మండలి అనుమతి లేక చికిత్స చేయరాదని వేరుగ చెప్పనక్కరలేదు. బీదలపై చేయి సవరించుకొనుట ఏ దేశమునను తగదు.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక పట్టిక వ్రాయించవచ్చును. గోదావరి డెల్టా, ఫిజీ, మధ్య ఆఫ్రికా అని మూడు గడులు గీసి, క్రిమి, దానిని మోయు కీటకము, అది కుట్టు వేళ, రక్తము తీయవలసిన వేళ, ఇయ్యదగిన మందు, ఇయ్యరాని మందు అను అంశములను నింపింపవలెను. గడులలో ఏది మారినదో చూచిన విద్యార్థికి, వైద్యము గ్రంథమునందే గాక నేలయందును చదువవలసిన శాస్త్రమని తెలియును. రేపు ఆ విద్యార్థులలో ఒకరు ఓడయో విమానమో ఎక్కి దూరదేశపు బీదవాని ముంగిట నిలిచినప్పుడు, చేతిలో మాత్ర ఉంచుకొని, ముందుగా ప్రశ్న అడుగుదురు. ఆ ప్రశ్నయే ఒకని చూపును కాపాడవచ్చును.